రోజిన్ పొగలో దొరికే షార్ట్

ఈ-వ్యర్థాల మీద బడిపిల్లల ప్రాజెక్టు అనగానే చార్టులు, నినాదాలు, పాత చార్జర్లు వేసే అట్టపెట్టె గుర్తొస్తాయి. ఐఎర్న్ లాంటి ఆన్‌లైన్ వేదికల మీద దేశదేశాల పిల్లలు కలిసి పనిచేయడం ఏళ్లుగా ఉన్నదే. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ సామాను 6.2 కోట్ల టన్నులని, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్తుంది. చార్టు మీద రాయడానికి మంచి అంకెలే. మన వైపు నుంచి విదేశీ పిల్లలకు ఏం చూపిద్దామని నన్నడిగితే మాత్రం కేసముద్రం లాంటి మండల కేంద్రంలో సెల్ రిపేరు షాపు బల్ల ముందు వీడియో కాల్ పెట్టమంటాను.

మార్కెట్ యార్డుకు మిర్చి తెచ్చిన రైతు "చార్జింగ్ ఎక్కుతలేదు తమ్మీ" అని ఫోన్ చేతికిస్తాడు. వెనక మూతకు వేడిగాలి పట్టి, జిగురు మెత్తబడ్డాక పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి చుట్టూ తిప్పాలి. స్క్రూలను తీసిన వరుసలోనే అయస్కాంతపు మ్యాట్ మీద పేర్చాలి. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి గాని పొడవులు వేరు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే బోర్డు పొరల్లోని సన్నటి రాగి దారులు తెగిపోతాయి. బాగుకు వచ్చిన ఫోన్ అక్కడే చస్తుంది.

చార్జింగ్ పిన్ మార్చినా పని కాకపోతే అసలు విద్య మొదలవుతుంది. మల్టీమీటర్ కీచుమంది, అంటే లైన్ షార్ట్. ఎక్కడ? బోర్డు మీద వందల కెపాసిటర్లు, ఒక్కొక్కటి ఆవగింజలో సగం కూడా ఉండదు. అప్పుడు సోల్డరింగ్ ఐరన్ మొనను రోజిన్ అనే బంక ముద్దకు తాకించి, లేచిన పొగను బోర్డుకు పట్టిస్తారు. తెల్లటి పొర కమ్ముకుంటుంది. పవర్ సప్లై నుంచి ఆ లైన్‌కు కొద్దిపాటి వోల్టేజీ ఇస్తే షార్ట్ అయిన పార్టు వేడెక్కి, దాని మీది తెలుపు కరిగిపోతుంది. బోర్డంతా తెల్లగా ఉండగా ఆ ఒక్క చుక్కే తడిగా మెరుస్తుంది. థర్మల్ కెమెరా చేసే పనిని రోజిన్ ముద్ద చేసిపెట్టింది! చాలాసార్లు ఆ కెపాసిటర్‌ను పీకేస్తే చాలు, ఫోన్ లేస్తుంది. ఏది పీకినా పర్వాలేదో, దేని బదులు కొత్తది వేయాల్సిందేనో తెలియడమే పనితనం.

ఇంకో కిటుకు: కంపెనీ వాడే సీసం లేని సోల్డర్ కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. అందులో 183 దగ్గరే కరిగే సీసం సోల్డర్ కలిపి మెత్తబరిస్తే బోర్డుకు వేడి దెబ్బ తగ్గుతుంది. మనిషికి తగలాల్సిన దెబ్బ తగులుతూనే ఉంటుంది. రోజిన్ పొగ ఊపిరితిత్తులకు చెడ్డది, సీసం అంటిన వేళ్లతోనే చాయ్ గ్లాసు పట్టుకోవడం ఇంకా చెడ్డది. వీడియోలో దీన్ని దాచొద్దు.

2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినే పోస్ట్‌మా మొదటి రిపేర్ కెఫే పెట్టారు. అక్కడ వాలంటీర్లు తీరిక వేళ జనానికి నేర్పే పని ఇక్కడ ఇల్లు గడిపే పని. బాగుకాని ఫోన్‌ను కూడా ఇక్కడ ఊరికే పారేయరు. దాని ఐసీలు, డిస్‌ప్లే ఇంకో ఫోన్‌కు ఎక్కుతాయి. మిగిలిన బోర్డులు తూకానికి పోతాయి. అక్కడే దారి చెడుతుంది. యాసిడ్‌లో ముంచి బంగారం తీసే చేతుల్లో పడితే చెప్పేదేముంది! సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను పద్ధతిగా రాబట్టే టెక్నాలజీని హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ పరిశోధన సంస్థ తయారుచేసింది. ఊరి షాపులోని స్క్రాప్ సంచి అలాంటి పద్ధతి పాటించే చోటికి చేరడమే గగనం.

ఫ్రాన్స్‌లో 2021 జనవరిలో స్మార్ట్‌ఫోన్ల మీద, ల్యాప్‌టాప్‌ల మీద రిపేరుకు ఎంత వీలో పదికి మార్కులు వేసి చూపించడం మొదలుపెట్టారు. అక్కడి బడి పిల్లలు ఒక మోడల్ చెప్పి, ఈ బల్ల ముందు కూర్చున్న మనిషిని కూడా మార్కులు వేయమని అడగాలి. బ్యాటరీని జిగురుతో అతికించిన ఫోన్‌కు ఆయన ఎన్ని వేస్తాడో నేనిప్పుడే చెప్పగలను.