చదువు మిక్కిలి, కొలువు చిన్నది: కొలతలో లోపమెక్కడ?

ఉద్యోగము నిలుచునో పోవునో అను దిగులు మనిషి ఆరోగ్యమును క్షీణింపజేయును. చేయుచున్న పనికి మించిన చదువు గలవాడు ఆ పనిలో తృప్తి పొందజాలడు. గడచిన నలుబదియేండ్లలో ఉద్యోగ మనశ్శాస్త్రమున వెలువడిన పెక్కు పరిశోధనల సారము ఈ రెండు వాక్యములలో ఇమిడియున్నది. మొదటిదానికి ఉద్యోగ అభద్రత యనియు, రెండవదానికి అధిక విద్యార్హత యనియు పేర్లు స్థిరపడినవి. ఈ రెండును ఉద్యోగి క్షేమమును దెబ్బతీయు రెండు వేరువేరు కారణములుగా లెక్కింపబడుచున్నవి. ఈ నిర్ణయములు అసత్యములు కావు. కాని గోదావరి డెల్టా వంటి ప్రాంతమునకు వీనిని యథాతథముగా అన్వయించినచో ఒక ముఖ్యవిషయము కంటబడకుండ పోవును. ఇచ్చట పట్టభద్రులనేకులు తమ చదువుకు తగని చిన్న కొలువును తెలిసియే కోరుకొనుచున్నారు. ఏలయనగా ఆ కొలువు స్థిరమైనది. ఒక కష్టమును మూల్యముగా చెల్లించి వారు రెండవ కష్టమునుండి విముక్తి కొనుక్కొనుచున్నారు. ఈ బేరమును చూడజాలని కొలత ఎంత సూక్ష్మమైనను అసంపూర్ణమే.

ముందుగా ఈ శాస్త్రమునకు గల బలమును గుర్తింపవలెను. ఆస్ట్రియాలో వియన్నా నగరమునకు సమీపమున మారియెంతాల్ అను గ్రామము కలదు. అచ్చటి బట్టల మిల్లు మూతపడి ఊరంతయు నిరుద్యోగములో పడినప్పుడు మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అను పరిశోధకులు అచ్చటికి పోయి చేసిన పరిశీలన 1933లో గ్రంథరూపమున వెలువడినది. వారు ప్రశ్నలడిగి ఊరకుండలేదు. గ్రంథాలయమునుండి ఎన్ని పుస్తకములు బయటికి పోవుచున్నవో లెక్కించిరి. వీధిలో మనుష్యులు ఎంత వేగముగా నడచుచున్నారో గడియారము చేతబట్టి చూచిరి. తీరిక పెరిగినను చదువుట తగ్గినదనియు, పురుషుల నడక మందగించినదనియు తేలినది. పని కేవలము కూలి తెచ్చునది మాత్రమే కాదనియు, దినమునకొక క్రమమును, మనిషికొక స్థానమును ఇచ్చునదనియు ఈ పరిశీలన స్థాపించినది.

రెండవ ఉదాహరణము ఇంగ్లండులోనిది. లండనులోని ప్రభుత్వోద్యోగులు పదివేలమందికి పైగా పాల్గొన్న వైట్‌హాల్ రెండవ అధ్యయనము 1985లో ప్రారంభమైనది. అది సాగుచుండగనే ఒక ప్రభుత్వ విభాగము ప్రైవేటు చేతులలోనికి పోనున్నదని తెలిసినది. ఆ వార్తకు ముందును, తరువాతను ఆ ఉద్యోగుల ఆరోగ్య వివరములు సిద్ధముగా నుండుటచే, జేన్ ఫెర్రీయు ఆమె సహచరులును వానిని తక్కిన శాఖలవారి వివరములతో పోల్చి 1995లో ప్రకటించిరి. ఉద్యోగము ఇంకను పోకమునుపే, పోవునేమోయను నిరీక్షణలోనే, తమ ఆరోగ్యము తగ్గినదని చెప్పినవారు, ముఖ్యముగా పురుషులలో, ఎక్కువైరి. ఒకే మనుష్యులను ముందు వెనుకల పరిశీలించుట, పోల్చుటకు వేరొక సమూహముండుట అను రెండు లక్షణములే ఈ నిర్ణయమునకు బలము నిచ్చినవి.

తరువాత వచ్చిన పరిశోధనలలో అధికభాగము ఈ మార్గమున పోలేదు. 1984లో గ్రీన్‌హాల్, రోజెన్‌బ్లాట్ అనువారు అభద్రతను నిర్వచించుచు, ప్రమాదములోనున్న ఉద్యోగమును నిలుపుకొనుటకు తనకు శక్తి లేదని మనిషికి తోచుటయే అభద్రతయని చెప్పిరి. అధిక విద్యార్హతను కొలుచుటకు 2006లో మేనార్డును ఆయన సహచరులును తొమ్మిది వాక్యములు గల ప్రశ్నావళిని తయారుచేసిరి. నా పనికి ఇంత చదువు అక్కరలేదను అర్థము వచ్చు వాక్యములకు, ఎంతవరకు అంగీకరింతురో ఉద్యోగి అంకె రూపమున చెప్పవలెను. ఇట్టి ప్రశ్నావళులను ఒకే దినమున ఒకే మనిషికిచ్చి, చదువెక్కువయను భావమును, ఉద్యోగపు దిగులును, మనస్సు యొక్క స్థితిని ఒక్కసారిగా కొలిచి, వాని మధ్య సంబంధమును లెక్కగట్టుట పరిపాటియైనది.

ఇందలి లోపమును ధవళేశ్వరము ఆనకట్టవద్ద నీటిమట్టమును చూపు కొలతబద్దతో పోల్చి విద్యార్థులు సులభముగా గ్రహింపవచ్చును. అచ్చట నీరు 11.75 అడుగులు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు ఇత్తురు. నీరు 14 అడుగులున్నదని ఒక్కమారు చూచినంతమాత్రమున వరద పెరుగుచున్నదో తీయుచున్నదో తెలియదు. అందుకే గంటగంటకు చూతురు. ఒక్కమారు నింపించిన ప్రశ్నావళియు ఇట్టిదే. దిగులువలన మనస్సు క్రుంగినదా, క్రుంగిన మనస్సునకు ఉద్యోగము అస్థిరముగా తోచినదా యను ప్రశ్నకు దానిలో జవాబు దొరకదు. మరియొక భేదము కలదు. బద్దమీద అడుగు ఎచ్చటనైనను అడుగే. ప్రశ్నావళిలో మూడునుండి నాలుగునకు గల దూరము నాలుగునుండి ఐదునకు గల దూరముతో సమానమని ఎవరును నిరూపింపలేదు.

ఇక డెల్టాలోని నిజస్థితిని చూడవలెను. 1852లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట నీటితోపాటు చదువును ఈ భూములలో వ్యాపించినది. రాజమహేంద్రవరమునందలి ప్రభుత్వ కళాశాల 1853 నాటి పాఠశాలనుండి పెరిగినది. 2006లో ఆ నగరమున నన్నయ విశ్వవిద్యాలయమును, 2008లో కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. పట్టభద్రులు పెరిగినంత వేగముగా వారికి తగిన కొలువులు పెరుగలేదు. ఇట్టి స్థితిలో 2019 అక్టోబరు 2వ తేదీన తూర్పు గోదావరి జిల్లాలోని కరప గ్రామమున (ఇది 2022నుండి కాకినాడ జిల్లాలో చేరినది) ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైనది. అంతకుముందు సెప్టెంబరులో జరిగిన పరీక్షలకు, సుమారు 1,26,000 కొలువులకుగాను 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. అనగా ఒక్కొక్క కొలువునకు సుమారు పదిహేడు. ఇంజనీరింగు అసిస్టెంటు కొలువునకు పాలిటెక్నిక్ డిప్లొమా చాలును, దానికి బి.టెక్. పట్టభద్రులును పోటీపడిరి.

ఇట్టి పట్టభద్రుని చేతికి పై తొమ్మిది వాక్యముల ప్రశ్నావళి నిచ్చినచో, అన్నిటికిని అవునని గుర్తుపెట్టవచ్చును. పరిశోధకుడు అతనిని అధిక విద్యార్హతచే బాధపడువానిగా లెక్కవేయును. కాని అతడు తన్నెవరితో పోల్చుకొనుచున్నాడు? పెద్ద నగరమున సాఫ్టువేరు కంపెనీలో కుదిరిన సహాధ్యాయితోనా, ఏటేట కాంట్రాక్టు పొడిగింపునకై ఎదురుచూచు అధ్యాపకునితోనా, కోచింగు సెంటరులో ఇంకను పుస్తకములు ముందు వేసుకొని కూర్చున్న తమ్మునితోనా? అమెరికాలో డంకన్, హాఫ్‌మన్ అను అర్థశాస్త్రజ్ఞులు 1981లోనే చూపినదేమనగా, అవసరమునకు మించి చదివినవాడు అదే కొలువులో సరిపడు చదువుగల సహోద్యోగికంటె కొంత ఎక్కువ సంపాదించును. తనంత చదువుకు తగిన కొలువులోనున్న వానికంటె తక్కువ సంపాదించును. ఒకే మనిషి ఒక పోలికలో లాభపడినవాడు, మరియొక పోలికలో నష్టపడినవాడు. ప్రశ్నావళిలో ఆ పోలిక ఏదియో అడుగరు.

ఈ శాస్త్రములోనే దీనికి దారి చూపు ఫలితములున్నవి. టర్కీలోని బట్టల దుకాణముల ఉద్యోగులను పరిశీలించి ఎర్డోగాన్, బాయర్ అనువారు 2009లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, పనిలో స్వయంనిర్ణయమునకు చోటున్నచో అధిక విద్యార్హతవలని అసంతృప్తి తగ్గును. చైనాలో జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, తోటివారును అట్లే మిక్కిలి చదివినవారైనప్పుడు దాని ప్రభావము మారినట్లు తేలినది. అనగా బాధ చదువులో లేదు. చదువునకు పనిలో చోటు దొరకకపోవుటలోను, తానొక్కడే వెనుకబడితినను భావములోను కలదు.

అభద్రత విషయమునను సచివాలయముల అనుభవము ఒక పాఠము నేర్పుచున్నది. చేరినవారికి రెండేండ్ల ప్రొబేషను, నెలకు 15,000 రూపాయల వేతనము నిర్ణయింపబడినవి. 2019 అక్టోబరులో చేరినవారికి ఆ గడువు 2021 అక్టోబరునాటికి నిండినను, పూర్తి వేతనశ్రేణి 2022 జూలైనుండి అమలైనది. ఆ నడుమ 2022 జనవరిలో ఉద్యోగులు నిరసన తెలిపిరి. వారి కలవరము కొలువు పోవునని కాదు. కొలువుతో వచ్చునని నమ్మినది ఎప్పుడు వచ్చునోయని. ఉద్యోగము పోవునను భయమును, ఉద్యోగములోని మేలు తగ్గునను భయమును వేరుచేయవలెనని స్వీడను పరిశోధకులు 1999లోనే సూచించిరి. ఉద్యోగము పోవునని భయపడుచున్నారా యను ఒక్క ప్రశ్నతో సరిపెట్టినవాడు ఆ తొమ్మిది నెలల ఆందోళనను సున్నగా లెక్కించును.

అన్నిటికంటె పెద్దలోపము వేరొకటి. ఈ పరిశోధనలు పనిలోనున్నవారినే ప్రశ్నించును. 2019 ఆగస్టులో ప్రారంభమైన వాలంటీరు వ్యవస్థలో రెండున్నర లక్షలకు పైగా యువతీయువకులు నెలకు 5,000 రూపాయల గౌరవభృతిపై పనిచేసిరి. 2024 తరువాత ఆ వ్యవస్థ కొనసాగలేదు. వారు పనిలోనున్నప్పుడు ఉద్యోగులుగా లెక్కకు రాలేదు. పని పోయిన పిమ్మట కార్యాలయములలో తిరుగు పరిశోధకునికి కనబడరు. అభద్రత నిజమైనచోటనే కొలత ఆగిపోవుచున్నది.

కావున ఆంధ్రదేశమున ఇట్టి పరిశోధన చేయబూనువారికి సచివాలయములు మంచి క్షేత్రము. ఒకే కొలువులో డిప్లొమా గలవారును, బి.టెక్. గలవారును కలరు. ప్రొబేషను ఖరారైన తేదీ అందరికిని తెలిసినది. వారిని, పరీక్షలో తప్పినవారిని, పని కోల్పోయినవారిని కలిపి ఏండ్లతరబడి పరిశీలించినచో ఏ బాధ దేనివలన కలుగుచున్నదో తేలును. మారియెంతాల్ పరిశోధకులవలె అంకెలతోపాటు నిత్యజీవితమును చూడవలెను: సెలవులెన్ని, మందుల ఖర్చెంత, మరల ఏ పరీక్షకు దరఖాస్తు పెట్టినారు?

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు ఇందు పట్టింపు లేకపోలేదు. ఎక్కువ చదివినచో అసంతృప్తి ఎక్కువయను వార్త పత్రికలలో వచ్చినప్పుడు, పేదయింటి తల్లిదండ్రులు ముందుగా చదువు మాన్పించునది ఆడపిల్లనే. ఆ పరిశోధన ఎవరిని అడిగినది, ఎన్నిమార్లు అడిగినది, ఎవరితో పోల్చినదియను మూడు ప్రశ్నలు వేయుట తరగతిలో నేర్పినచో, అంకెను చూచి భయపడక అంకెను పరీక్షించు అలవాటు విద్యార్థులకు కలుగును. చదువు మిగిలిపోయినదని చెప్పుటకు ముందు, ఆ చదువునకు పని చూపలేకపోయిన ఏర్పాటులను కూడ కొలువవలసియున్నది.