లీవెన్‌హుక్ చేతిపని

మిరియం నాలుకను ఎందుకు మండిస్తుంది? హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో ఒక బట్టల వ్యాపారికి ఈ అనుమానం పట్టుకుంది. మిరియాల్లో కంటికి ఆనని ముళ్లేవో ఉండి గుచ్చుకుంటున్నాయేమో అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు. మిరియాలు నీళ్లలో వేసి వారాల తరబడి నాననిచ్చాడు. 1676లో ఆ నీటిని తాను చేసుకున్న కటకంలోంచి చూస్తే ముళ్లు కనబడలేదు. లెక్కకందనన్ని ప్రాణులు ఈదుతూ కనిపించాయి. వాటిలో అతి చిన్నవి బాక్టీరియా. వాటిని అంతకుముందు చూసినట్టు రాసిన మనిషి లేడు.

ఆయన ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ (1632–1723). బుట్టలల్లే ఇంటి బిడ్డ. యూనివర్సిటీ గడప తొక్కలేదు. పండితుల భాష లాటిన్ రాదు, డచ్చి ఒక్కటే వచ్చు. పదహారో ఏట ఆమ్‌స్టర్‌డామ్‌లో బట్టల కొట్టులో పని నేర్చుకోవడానికి చేరాడు. నేత నాణ్యం తేల్చడానికి వర్తకులు భూతద్దం పెట్టి పోగులు చూసే కాలమది. ఆయన చూపు అక్కడే పదునెక్కిందని నా నమ్మకం.

ఆయన సూక్ష్మదర్శిని గురించి సైన్సు పాఠంలో ఒక వాక్యం చదివి దాటిపోతాం. పనిముట్టుగా దాన్ని నిదానంగా చూడాలి. వేలెడంత పొడవున్న రెండు ఇత్తడి రేకులు, రివెట్లతో బిగించినవి. రెండింటికీ ఎదురెదురుగా సన్నటి బెజ్జం, ఆ బెజ్జాల నడుమ ఆవగింజంత కటకం. వెనకవైపు ఒక సూది. చూడదలచినదాన్ని దాని మొనకు అంటించాలి. ఒక మర తిప్పితే సూది పైకీ కిందికీ కదులుతుంది, మరో మర తిప్పితే కటకానికి దగ్గరగానో దూరంగానో జరుగుతుంది. గొట్టం లేదు, స్టాండు లేదు. కంటికి దాదాపు ఆనించుకుని వెలుతురు వైపు తిరగాలి. ఇంతే సరంజామా. ఉట్రెక్ట్ మ్యూజియంలో ఉన్నది వస్తువును సుమారు 266 రెట్లు పెంచి చూపిస్తుంది. ఇలాంటివి ఆయన జీవితకాలంలో ఐదొందలకు పైగా చేశాడు. ఇప్పుడు మిగిలినవి పది, పన్నెండుకు మించవు.

కటకం కన్నా కోత నన్ను ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది. చూడాల్సిన ముక్క వెలుతురు దూరేంత పలచగా లేకపోతే ఎంత మంచి కటకమైనా దండగే. లీవెన్‌హుక్ గడ్డం గీసుకునే కత్తితో బెరడునూ, మొక్కల బెండునూ, ఎండబెట్టిన ఆవు కంటినరాన్నీ పొరలు పొరలుగా కోశాడు. కొన్నింటిని చిన్న కాగితం పొట్లాల్లో పెట్టి లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి ఉత్తరాలతో పాటు పంపాడు. 1981లో బ్రయన్ ఫోర్డ్ అనే శాస్త్రవేత్త పాత కాగితాలు తిరగేస్తుంటే ఆ పొట్లాలు బయటపడ్డాయి. మూడు వందల ఏళ్ల కిందటి ఆ చేతి కోతలు నేటి పరీక్షకు కూడా నిలబడ్డాయి.

కొలతబద్ద కూడా ఆయనే సమకూర్చుకున్నాడు. అంత చిన్నవాటిని కొలిచే సాధనం లేదు కాబట్టి ఇసుక రేణువును ప్రమాణంగా పెట్టుకుని, ఒక్కో ప్రాణి దానిలో ఎన్నో వంతో లెక్కగట్టాడు. ఎదుట ఏది పడితే అది చూశాడు: వాననీరు, పేను, తేనెటీగ కొండి, చివరికి తన పళ్ల మీది పాచి. రోజూ ఉప్పుతో పళ్లు తోముకునే మనిషి, అయినా సందుల్లో తెల్లగా ఏదో మిగులుతోందని దాన్ని గీకి చూశాడు. అక్కడా ప్రాణులే. అంతటితో ఆగకుండా, పుట్టి బుద్ధెరిగాక పళ్లు తోమని ఒక ముసలాయన నోటి పాచి అడిగి తీసుకుని దాన్నీ పరిశీలించాడు. 1673 నుంచి చనిపోయేదాకా, సుమారు యాభై ఏళ్లు, చూసినదల్లా ఉత్తరాలుగా రాస్తూనే ఉన్నాడు. ఆ ఉత్తరాల్లో ఏది కంటితో చూశాడో, ఏది ఊహించాడో విడివిడిగా చెబుతాడు. చదువుకున్నవాళ్లలోనూ ఈ నిజాయితీ అరుదు.

అయితే అన్నిటికన్నా మేలైన కటకాలు ఎలా చేస్తాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు, శిష్యులకు నేర్పలేదు. ఆ గుట్టు ఆయనతోనే పోయింది. ఇన్ని చెప్పిన మనిషి ఇది దాచుకోవడం నాకు బాధగానే ఉంటుంది. 2021లో డచ్చి పరిశోధకులు ఉట్రెక్ట్ కటకాన్ని విప్పకుండానే న్యూట్రాన్లతో లోపలికి తొంగిచూశారు. అది అరగదీసిన గాజు కాదు. మంటలో కరిగించిన సన్నటి గాజు తీగ చివర ఉండకట్టిన గోళం. ఇలాంటి పద్ధతినే ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లో తన మైక్రోగ్రాఫియా పుస్తకం ముందుమాటలో వివరించాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది, లీవెన్‌హుక్‌కు ఇంగ్లీషు రాదు. ఎవరి చేతైనా చదివించుకున్నాడో, మంట ముందు కూర్చుని తనంతట తానే కనిపెట్టాడో, ఆ గాజు గోళం చెప్పదు.