ముందుమాట: బాధ్యులెవరో తేలాలి

ఈ చేతిపుస్తకం రాసిన డాక్టరమ్మ నాకు కూతురు వయసుది. దేవరకొండ తండాల నుంచి మక్తల్ ఊళ్ల దాకా తిరిగి, ఆశా కార్యకర్తలు, హాస్టల్ వార్డెన్లు, ఇంటర్ పిల్లలు చెప్పింది ఓపిగ్గా విని రాసింది. "సార్, నాలుగు మాటలు రాయండి" అంటే సంతోషంగా ఒప్పుకున్నాను. పల్లె పిల్లల మనోవేదన మీద జాలి పుట్టించే రాతలు మనకు కొత్త కాదు. ఆ పిల్లల బాధ్యత ఎవరిదని కాగితాలు ముందేసుకుని నిలదీసిన పుస్తకం నేను చూసినంతలో ఇదే.

కాగితాలకైతే కొదవ లేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో, దాని జిల్లా విభాగం 1996లో మొదలయ్యాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యాన్ని హక్కుగా చేసింది. 2022 నుంచి టెలిమానస్ అనే మానసిక సాయం ఫోన్‌లైన్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. మరి పిల్లలు ఎక్కడ జారిపోతున్నారు? దవాఖానా ఆరోగ్యశాఖది, బడి విద్యాశాఖది, హాస్టల్ సంక్షేమశాఖది, పురుగుల మందు దుకాణం వ్యవసాయశాఖ చూపులో ఉంటుంది. వీళ్లంతా ఒక పిల్ల గురించి కలిసి కూర్చునే ఏర్పాటు మాత్రం మండలంలో లేదు.

రెండో అధ్యాయం చదివాక చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. తల్లిదండ్రులు పుణెకు కూలికి పోతే అవ్వ దగ్గర ఉండి పదో తరగతి చదివే పిల్ల. పత్తిచేనుకు తెచ్చిన మందు తాగింది. అదృష్టం బాగుండి బతికింది. కేసవుతుందన్న భయంతో ఇంటివాళ్లు దవాఖానా చీటీ మీద "పొరపాటున తాగింది" అని రాయించారు. నిజానికి 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం, పునరావాసం సర్కారు పూచీ. కానీ పొరపాటుగా నమోదైన పిల్లను మళ్లీ పలకరించే పని ఎవరికీ పడదు. అవ్వ మందు డబ్బాను వడ్ల బస్తాల వెనక్కి నెట్టింది. ఆ ఇంట్లో జరిగిన నివారణ చర్య అదొక్కటే.

2025 జూలైలో, విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన పిల్లలున్న విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలంది. తక్కువుంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోమంది. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ వేయమంది. మంచిదే. కాని పాలమూరు వలస ఊళ్లలో 100కు లోపు పిల్లలున్న సర్కారు బడులెన్నో. అక్కడి హెడ్మాస్టరు ఎవరికి ఫోన్ చేయాలి? ఈ పుస్తకం చెప్పే మార్గం సులువైనది: ప్రతి బడి నోటీసుబోర్డు మీద ఒక ఏఎన్ఎం పేరు, ఒక డాక్టరు పేరు, వాళ్ల ఫోన్ నంబర్లు ఉండాలి, వాళ్ల దగ్గరికి పంపిన పిల్ల తిరిగి బడికొచ్చిందా లేదా అని నెలనెలా మండలంలో అడగాలి.

లెక్కల విషయంలోనూ డాక్టరమ్మ గట్టిగా పట్టుకుంది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్లవారిలో 7.3 శాతానికి మానసిక సమస్యలున్నాయని తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. లెక్కలోకి రాని పిల్లలకు బడ్జెట్ ఎలా వస్తుందని ఆమె అడగడం న్యాయమే.

ఒక వెలితి చెప్పాలి. అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లు తండ్రిని పట్టుకుంటే ఆ ఇంటి పిల్లల మీద ఏం పడుతుందో రెండు పేరాల్లో తేల్చేసింది. మలి ముద్రణలో దానికో అధ్యాయం ఇవ్వాలి.

సర్పంచులు, ఎంఈఓలు, వార్డెన్లు ఇది చదవాలి. మండల సర్వసభ్య సమావేశంలో తాగునీరు, ఎరువుల వరసలో ఈ అంశాన్నీ చేర్చి, ఎవరు చూస్తారో పేరుతో సహా మినిట్స్‌లో రాయించాలి. డాక్టరమ్మకు నా ఆశీస్సులు.

నల్లగొండ
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు