కరువును కరువు అన్నవాడు

కడప ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ పేరుతో ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి మొదటిసారి వెళ్ళేటప్పుడు మనలో చాలామంది ఒక కథను వెంట తీసుకెళ్తాం. పగలంతా కంపెనీ కొలువు, రాత్రంతా తెలుగు. బువ్వకి ఒకటి, మనసుకి ఒకటి. కర్నూలు నుంచి బస్సెక్కినప్పుడు నా బుర్రలోనూ ఇదే ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడు రాసి, శనివారం కథల పుస్తకం తెరిచేవాడికి ఇంతకంటే ఊరటనిచ్చే కథ ఏముంటుంది?

కథలో అబద్ధం లేదు. బ్రౌన్ 1820లో కడపకి చిన్న ఉద్యోగిగా వచ్చాడు. 1826లో తిరిగొచ్చి బంగళా కొన్నాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య లాంటి పండితులకి తన జేబులోంచి జీతాలిచ్చి, తాళపత్రాలు తెప్పించి, ప్రతులు రాయించాడు. అప్పులూ చేశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. బంగోరె, జి.ఎన్. రెడ్డి సంపాదకత్వంలో 1978లో తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వేసిన ఆయన ఆత్మకథ పేరులోనే ‘సాహిత్య’ అన్న మాట ఉంది. ఉద్యోగాన్ని పక్కన పెట్టి చదవమని ఆయనే చెప్పినట్టుంటుంది.

నాకు పేచీ అక్కడే. ఆ రెండింటినీ అంత తేలిగ్గా విడదీయలేం. కంపెనీ తన ఉద్యోగులకి ఇక్కడి భాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో కాలేజీ పెట్టింది. బ్రౌన్ తెలుగు అక్షరాలు దిద్దింది ఉద్యోగం కోసమే. పగలు ఫిర్యాదుదారు నోట్లోంచి వచ్చిన మాటకి సరైన అర్థం పట్టుకోవడం, రాత్రి తాళపత్రంలో తప్పు పడిన మాటకి సరైన పాఠం పట్టుకోవడం. రెండూ ఒకే పని. అయితే పగటి పని ఒకచోట ఆయన్ని ఆపింది.

1832-33లో గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు ఊడ్చేసింది. లక్షన్నర మందికి పైగా చనిపోయారంటారు. అప్పుడు కోస్తాలో అధికారిగా ఉన్న బ్రౌన్ దాన్ని కరువు అనే రాశాడు. పైవాళ్ళకి నచ్చేవి ‘కొరత’, ‘ధాన్యం ఇబ్బంది’ లాంటి మెత్తటి మాటలు.

ఈ తేడా రాయలసీమ వాళ్ళకి వివరించక్కర్లేదు. ‘వర్షాభావ పరిస్థితులు’ అంటే వాతావరణం గురించి మాట్లాడినట్టు. మండలాన్ని ‘కరువు మండలం’ అని ప్రకటిస్తే సర్కారు ఏదో ఒకటి చెయ్యాలి, డబ్బు తియ్యాలి. మాట మెత్తబడేది మర్యాద కోసం కాదు, బాధ్యత తప్పించుకోవడానికి.

ఇప్పుడు నా సంగతి. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఒక రాత్రి మా కోడులో తప్పు వల్ల సిస్టమ్ నాలుగు గంటలు ఆగిపోయింది. తెల్లారేదాకా కూర్చుని సరిచేశాం. అలసిపోయానే గానీ బాధ లేదు, ఒకరకంగా సంతోషంగానే ఉంది. పొద్దున రిపోర్టులో ‘మా తప్పు వల్ల ఆగిపోయింది’ అని రాశాను. మేనేజర్ దాన్ని ‘పాక్షిక అంతరాయం’ అని దిద్దాడు. ‘ఆగిపోయింది అంటే కాంట్రాక్టు ప్రకారం డబ్బు వెనక్కివ్వాలి కదా’ అన్నాడు. ఆ ఉద్యోగం మీద నాకు మనసు విరిగింది ఆ పొద్దునే.

ఉద్యోగంలో సుఖం లేకపోవడానికి జీతం, గంటలు, పై అధికారి అని కారణాలు చెబుతాం. అవన్నీ నిజమే. కానీ ఎక్కువ జీతం, మంచి బాసు ఉన్నవాళ్ళు కూడా లోపల్లోపల ఎండిపోవడం చూశాను. చేసే పనికి సరైన పేరు పెట్టే హక్కు పోయినప్పుడు మనిషికి ఆ పని పరాయిదవుతుంది. బ్రౌన్‌ని నేను ఇప్పుడు చదివేది ఇలా.

దీన్ని మరీ సాగదీయకూడదు. 1834లో ఆయన ఉద్యోగం పోయింది, 1837లో పర్షియన్ అనువాదకుడిగా తిరిగొచ్చాడు. ఆ ఒక్క మాట వల్లే పోయిందని నేను అనను. పైగా ఆయన పనిచేసింది శిస్తు పిండే కంపెనీకి. కరువులో పోయిన ప్రాణాల పక్కన ఒక దొర అసంతృప్తి చాలా చిన్నది. ఆ పండితులు తమ పనిలో సుఖంగా ఉన్నారా అని మనం అడగనే అడగం. వాళ్ళ చెమట ఉన్న నిఘంటువు బ్రౌన్ పేరుతోనే నిలిచింది.

అయినా కడప నుంచి తిరిగొస్తూ ‘పగలు బువ్వకి, రాత్రి మనసుకి’ అన్న పాత ఊరట నాకు మిగల్లేదు. పగలు ఒప్పుకున్న అబద్ధపు మాటని రాత్రి చదివే ఏ పుస్తకమూ కడగదు.

ఆ రిపోర్టు బహుశా ఇంకా అక్కడి సర్వర్లో ఉంటుంది. ‘పాక్షిక అంతరాయం’ అని. కింద నా పేరే ఉంది.