మేలిముసుగును నిలబెట్టిన గుండుసూది

చిత్రకారుడు రోజియర్ వాన్ డెర్ వేడెన్ 1460 ప్రాంతంలో గీసిన ఒక స్త్రీ చిత్రం వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ముదురురంగు గౌను, ఎర్రని నడికట్టు, బిగించి వెనక్కి దువ్విన జుట్టు, నుదుటి మీదుగా భుజాల దాకా జారిన పల్చని ముసుగు. అందరూ ఆమె ముఖాన్నే మెచ్చుకుంటారు. ఆ ముసుగు చెదరకుండా నిలిపిన గుండుసూదులను చేసిన పనివాళ్లకు దక్కాల్సిన మెప్పు మాత్రం దక్కలేదనిపిస్తుంది నాకు.

ఆనాటి దొరసానుల తలకట్టుకు ఆధారం గుండుసూదులే. బెర్లిన్‌లో ఉన్న మరో చిత్రంలో రోజియర్ తెల్లని అవిసెనార ముసుగు మడతల గీతలతో పాటు, దాన్ని పట్టిన సూదినీ శ్రద్ధగా గీశాడు. అంతకు దాదాపు శతాబ్దం ముందే, ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ కూతురు జోన్ పెళ్లి కోసం 1348లో ఆమె ముసుగులకు 12,000 సూదులు సమకూర్చారు. పాపం, పెళ్లికొడుకును చేరకముందే దారిలో ప్లేగు ఆమెను బలిగొంది.

ఇక పనితనం చూడండి. ఇత్తడి తీగను సన్నగా లాగి, ముక్కలుగా కోయాలి. గాడి పెట్టిన పశువు ఎముకలో ముక్కను ఆనించి, తిప్పుతూ ఆకురాయితో మొన తేల్చాలి. మరో సన్న తీగను చివర చుట్టి, నొక్కి తల బిగించాలి. తల వదులైతే ఊడిపోతుంది, మొన మొరటైతే పల్చని బట్ట చిరుగుతుంది. ఇదంతా చేత్తో, ఒక్కో సూదికీ చేయాల్సిందే.

ఈసారి అలాంటి పాత చిత్రం కంటపడితే, నగల కంటే ముందు ముసుగు అంచున సూది కోసం వెతకండి.