కాగితం చేతికిచ్చినవాళ్లు, పక్కన నడిచినవాళ్లు

కీమో చేయించుకుని ఆకివీడులో రైలు దిగిన మనిషికి ఇంట్లో మొదట జరిగే మర్యాద చేతిలో బిందె లాక్కోవడం. "నీకెందుకు పిన్నీ ఈ పనులు, పడుకో" అంటూ మా పిన్నిని మేమంతా కొన్ని నెలలు మంచం దిగనివ్వలేదు. ఆసుపత్రి కాగితంలో మాత్రలకు పూటలు, మోతాదులు రాశారు. అట్టడుగున "నడవండి" అన్నారు. ఎంతసేపు, వారానికి ఎన్నిసార్లు? అది రాయలేదు. ఆ ఒక్క మాట పట్టుకునే రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చదివాను.

ఒకటి 'చాలెంజ్'. 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిన 889 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆరోగ్య పుస్తకాలిచ్చి పంపారు. రెండో జట్టుకు పుస్తకాలతో పాటు మూడేళ్లు వెంటపడి వ్యాయామం చేయించే మనిషినీ ఇచ్చారు. ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మొదటి జట్టులో 73.9 శాతం, రెండో జట్టులో 80.3 శాతం. ఎనిమిదేళ్లకు బతికున్నవాళ్లు 83.2, 90.3.

రెండోది ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ల యోగా పరిశోధన. రొమ్ము క్యాన్సర్ ఉన్న 850 మందితో చేసి, 2022 డిసెంబరులో అమెరికాలోని శాన్ ఆంటోనియో రొమ్ము క్యాన్సర్ సదస్సులో చెప్పారు. జబ్బు తిరగబెట్టకుండా ఉండడంలో 15 శాతం, బతకడంలో 14 శాతం మెరుగన్నారు.

పైపైన చదివితే యోగాదే పైచేయి. 15 ఎక్కడ, 73.9కీ 80.3కీ మధ్యనున్న 6.4 ఎక్కడ! ఇక్కడే పప్పులో కాలేస్తాం. మన రొయ్యల చెరువు లెక్కే చూడండి. వంద రొయ్యల్లో 26 పోయేచోట 20 పోతే "ఆరు తగ్గాయి" అనొచ్చు, "దాదాపు నాలుగో వంతు నష్టం తగ్గింది" అనొచ్చు. టాటా వాళ్ల 15 ఆ రెండో రకం లెక్క. ఆ రకం లెక్కలో, ఐదేళ్ల దగ్గర ఆగకుండా మొత్తం కాలాన్ని కలిపి చూస్తే, చాలెంజ్‌ది 28. అయినా జబ్బులు వేరు కాబట్టి పందెం కట్టకూడదు.

రుజువు బలం చాలెంజ్‌దే. కానీ అది కీమో ముగిశాక మొదలైంది. చికిత్స ఏ దశలో ఉన్నవాళ్లకు ఏ ఆసనం పనికొస్తుందో డాక్టర్లను, ఫిజియోథెరపిస్టులను అడిగి కూర్చింది టాటా. చికిత్స మధ్యలో ఉన్న మనవాళ్లకు అదే దగ్గర. వాళ్లూ కాగితాలు, సీడీలు పంచారు. అయితే వాటితో సరిపెట్టకుండా యోగా గురువులను పెట్టి తరగతులు నడిపారు. నా తీర్పల్లా ఒక్కటే: రెండుచోట్లా కాగితం ఉంది, పనిచేయించింది పక్కనున్న మనిషి.

వ్యాయామానికి నొప్పులూ ఉంటాయి. చాలెంజ్‌లో కండరాలు, కీళ్ల ఇబ్బందులు వ్యాయామం చేసినవాళ్లలో 18.5 శాతం, పుస్తకాల జట్టులో 11.5. కొన్ని కీమో మందులకు అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. అలాంటివాళ్లను వానాకాలంలో చెరువుగట్టు మీద నడవమనడం అన్యాయం. వాళ్లకు స్టేషన్ ప్లాట్‌ఫాం మేలు. ఎముకలకు జబ్బు పాకినా, ప్లేట్‌లెట్లు పడిపోయినా ముందు డాక్టరు మాట వినాలి.

చికిత్స జరుగుతుండగానే వ్యాయామం చెప్పమని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2022లోనే సూచించింది. ఈసారి మీవాళ్ల కాగితంలో "నడవండి" అని కనిపిస్తే డాక్టరు గది దాటకముందే అడగండి: ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్ని రోజులు, నడిచారో లేదో ఫోన్ చేసి కనుక్కునేది ఎవరు?