గ్రామఫోను ప్లేటు: గొంతు ఎవరిది, యజమాని ఎవరు?

గ్రామఫోను కంపెనీ ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పోతే సాహిత్య విమర్శకుడికేం పని అని ఒక మిత్రుడు అడిగాడు. వాటాల ధరలూ డైరెక్టర్ల పేర్లూ వాణిజ్య పత్రికలు చూసుకుంటాయి గదా అన్నాడు. ఆయన ప్రశ్న కొట్టిపారవేయవలసింది కాదు. మనం పద్యాన్ని గురించి రాశాం, పాటను గురించి రాశాం, పాడినవాని పేదరికాన్ని తలచుకుని కన్నీళ్లు కూడా కార్చాం. కాని ఆ పాట ఏ గిడ్డంగిలో వుందో, దాని తాళంచెవి ఎవరి మొలలో వుందో విచారించిన వ్యాసాలు మన పత్రికలలో బహు తక్కువ.

మా కొత్తవలసలో చావు జరిగిన ఇంట ఘంటసాల భగవద్గీత వినిపిస్తుంది. ఆంధ్రదేశమంతటా ఇదే ఆచారమయింది. ఆ గీత ఆయన 1974 ఫిబ్రవరిలో కన్నుమూసిన తరువాత ప్లేటుగా వెలువడింది. అప్పటికి ఆ కంపెనీ మీద పెత్తనం లండనులోని ఇ.ఎం.ఐ. వారిది. 1980ల మధ్యలో కలకత్తా గోయెంకాల ఆర్.పి.జి. సంస్థల కూటమి దాన్ని చేజిక్కించుకున్నది. 2000లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అన్న పేరు పోయి సరెగమ అయింది. 2010 తరువాత గోయెంకా అన్నదమ్ముల పంపకంలో సంజీవ్ గోయెంకా వంతుకు వచ్చింది. శవం పక్కన కూర్చున్న కోడలికి ఇందులో ఏ ఒక్కటీ తెలియదు. ఆమె వింటున్నది ఘంటసాల గొంతు. కొన్నవాడు కొన్నది మాత్రం ఒక జాబితా. ఈ రెండింటికీ మధ్యనున్న దూరమే నా వ్యాస విషయం.

మొదటినుంచీ చూద్దాం. 1902లో లండను కంపెనీ పంపిన గైస్‌బర్గ్ కలకత్తాలో దిగి మన గాయనుల పాటలు మైనపు పలకల మీదికి ఎక్కించుకుపోయాడు. ప్లేట్లు అచ్చయింది జర్మనీలోని హానోవరులో. 1908లో కలకత్తాలోనే కర్మాగారం పెట్టేదాకా ఇదే వరస. ప్లేటుకు ప్రాణం లక్క. ఆ లక్క మన దేశపు అడవులలో గిరిజనులు కొమ్మల నుంచి గీకి తెచ్చినది. లక్క ఇక్కడిది, గొంతు ఇక్కడిది, కొనేవాడు ఇక్కడివాడు. మధ్యలో లాభం ఒక్కటే అక్కడిది. కొత్తవలసలో వుండేవాడికి ఇది వేరే చెప్పనక్కరలేదు. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960లలో వేసిన కిరండూల్ రైలుమార్గం మా వూరి దగ్గరే మొదలవుతుంది. గూడ్సు బళ్లు పోతూవుంటే లెక్కపెట్టడం మా పిల్లలకు ఆట.

దుకాణంలో కొనేవానికి మాత్రం ఎంతో స్వేచ్ఛ వున్నట్టు కనిపించేది. కుక్క బొమ్మ ప్లేటు ఒకటి, కొలంబియా ఒకటి, ఓడియన్ ఒకటి. మదరాసులో ఓడియన్ ప్లేట్లు అమ్మిన సరస్వతీ స్టోర్స్‌ను మెయ్యప్పన్ భాగస్వామిగా నడిపాడు, ఏ.వి.యం. స్టూడియో పెట్టినది ఆయనే. ఈ కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడుతున్నాయనే జనం అనుకున్నారు. కాని ఓడియన్‌ను నడిపిన జర్మన్ సంస్థ 1926లోనే కొలంబియా వారి చేతికి చిక్కింది. 1931లో కొలంబియా, హెచ్.ఎం.వి. లండనులో కలిసి ఇ.ఎం.ఐ. అయ్యాయి. అంటే, మన తాతలు ఏ బొమ్మ గొప్పదని వాదించుకున్నా డబ్బు చేరిన పెట్టె ఒక్కటే.

యాజమాన్యం పాట రూపాన్ని ఏంచేసిందన్నది మనకు అంతకంటె ముఖ్యం. పాత ప్లేటు ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలు. బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యానికి రంగస్థలం మీద ఎంత రాగం తీస్తారో, జనం ‘వన్స్ మోర్’ అంటే ఎన్ని మార్లు తీస్తారో చూసినవారికి ఈ మూడు నిమిషాల కత్తెర ఎంత పదునైనదో తెలుస్తుంది. డి.వి.సుబ్బారావు వంటి సమర్థుడు ఆ ఇరుకులోనే పద్యాన్ని నిలబెట్టాడు. అందుకు ఆయనకు జోహార్లు. కాని పల్లెటూరి నటుడు గురువును వదలి ప్లేటును గురువుగా పెట్టుకున్నాడు. జిల్లాకొక తీరుగా వున్న పద్యం ప్లేటు తీరుకు వచ్చింది. మా ఉత్తరాంధ్ర జముకుల కథ రాత్రంతా నడుస్తుంది. తప్పెటగుళ్లలో పాట సగం కాళ్లలోనే వుంది. వాటికి ఆ ప్లేటులో చోటెక్కడిది? కంపెనీ జాబితాలో పడకపోవడం వాటి అదృష్టమని కొందరంటారు. నేను ఒప్పుకోను. దోపిడీ తప్పిందన్నమాట నిజమే, కాని నూరేళ్లనాటి జముకుల గొంతు ఎలా వుండేదో వినే దారి కూడా తప్పింది.

కంపెనీ అంటే యజమాని ఒక్కడే కాదన్న మాట కూడా చెప్పాలి. ఘంటసాల గొంతు ప్లేటుకు పనికిరాదని మొదట తిప్పి పంపారని అంటారు. అదే కంపెనీలో ఉద్యోగం చేస్తున్న పేకేటి శివరాం ఆ గొంతును పట్టుకుని పాట రికార్డు చేయించాడు. కరుణశ్రీ పుష్పవిలాపం ఇంటింటికీ వెళ్లిందంటే దాని వెనుక ఇలాంటి ఉద్యోగుల చెవులు వున్నాయి. యాజమాన్యపు చరిత్రలో వాళ్ల పేర్లు వుండవు. పాడినవారిలో పేరున్న కొందరికి రాయల్టీ ముట్టేది. చాలామందికి రికార్డు చేసిన నాటి పైకంతోనే లెక్క తీరేది.

విదేశీ కంపెనీ స్వదేశీ చేతికి వచ్చినప్పుడు సంతోషించినవారు మనలోనూ వున్నారు. నేనూ ఆ వాదమే విని పెరిగాను. ఇప్పుడు ఆలోచిస్తే, మారినది యజమాని చిరునామా. లండనులో మాతృసంస్థ గతి చూడండి: 2007లో టెర్రా ఫర్మా అనే పెట్టుబడి సంస్థ కొన్నది, అప్పు తీర్చలేక 2011లో సిటీ బ్యాంకు వారికి వదిలింది, 2012లో రికార్డుల భాగం యూనివర్సల్ వారికి అమ్ముడయింది. బీటిల్స్ పాటలంతటివి బ్యాంకు తాకట్టులో సామానయ్యాయి. ఇక్కడ మన గోయెంకాల చేతిలో అదే సామాను 2017లో ‘కార్వాన్’ అన్న పెట్టె అయింది, 5000 హిందీ పాటలు నింపుకుని. పెట్టె బాగానే అమ్ముడుపోయింది. కొత్త పాట పుట్టించే శ్రమ లేకుండా పాత శ్రమను మళ్లీ మళ్లీ అమ్ముకోవడం ఏ దేశపు పెట్టుబడికైనా ఇష్టమే.

చట్టం ఏమంటున్నది? 2012 సవరణ తరువాత రచయిత, సంగీతకర్త తమ రాయల్టీ వాటాను రాసిచ్చివేయడానికి వీలులేదు. మంచిదే, ఆలస్యంగానైనా. శబ్దముద్రణ మీద హక్కు 60 ఏళ్లు. ఆ లెక్కన 1964 దాకా వెలువడిన ప్లేట్లలోని శబ్దం ఇప్పుడు అందరిదీ. పుష్పవిలాపం ప్లేటు ఆ లోపుదే. పద్యాల మీద మాత్రం 1992లో పోయిన కరుణశ్రీ వారసులకు 2052 దాకా హక్కు వుంటుంది. అది న్యాయమే. కాని గడువు తీరిన శబ్దానికి మూలముద్రలు ఎక్కడున్నాయి? కంపెనీ గిడ్డంగిలో. వాటిని ప్రజలకు అప్పగించమని చట్టం ఎవరినీ నిర్బంధించదు. హక్కు మనది, తాళం వారిది.

ఘంటసాల సంగీతం నేర్చుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర. గడువు తీరిన తెలుగు ప్లేట్లకు మంచి నకళ్లు తీసి ఆ కళాశాలలో పెట్టమని కంపెనీనీ ప్రభుత్వాన్నీ అడగవలసింది మన సంఘాలు. అంతవరకూ మనం చేయగల పని ఒకటుంది. పోయిన వేసవిలో మా విద్యార్థులు కొత్తవలస చుట్టుపక్కల ఇళ్ల అటకలు వెదికారు. నలభై పైచిలుకు ప్లేట్లు దొరికాయి. సగం పగిలినవి, రెండింటి మీద బియ్యం డబ్బా మోపిన గుండ్రటి గుర్తు వుంది. మిగిలినవి ముల్లు దొరికితే పాడతాయి. ముల్లు కోసం విశాఖపట్నం పాత సామాను కొట్లలో వెదుకుతున్నాం.